బటన్ నొక్కడం జరిగింది

కాగితం సంచులు చేసే ఫ్యాక్టరీలో యజమాని గది. మధ్యాహ్నం వేళ. గదిలో ముగ్గురు: యజమాని, దుబాసీగా పిలిపించుకున్న ఆయన కూతురు, మెషిన్ కంపెనీ పంపిన ఇంజినీరు. ఇంజినీరుకి స్పానిష్ తప్ప మరో భాష రాదు. యజమానికి తన మాట తప్ప మరొకరి మాట వినపడదు.

"ఎలా జరిగిందో తెలీదని చెప్పాలా, తెలిసినా చెప్పనని చెప్పాలా నాన్నా? రెండూ వేరు వేరు."

"రెండూ వద్దు. నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు. బటన్ నొక్కడం జరిగింది. మెషిన్ తిరగడం జరిగింది. రోలర్ వంగిపోవడం జరిగింది. అంతే."

"అన్నీ వాటంతటవే జరిగిపోయాయా?"

"అది నీకనవసరం. నిన్ను పిలిచింది భాష మార్చడానికి, మాట మార్చడానికి కాదు."

"నేనెందుకు మారుస్తాను నాన్నా? నేను గొట్టాన్ని. ఇటు పోస్తే అటు వస్తుంది. ఉండు, చెప్తాను... ఊఁ. చెప్పాను."

"ఏమంటున్నాడు? ఏంటే అంతసేపు? చేతులు కూడా తిప్పుతున్నాడు."

"బటన్ ఎవరు నొక్కారు అంటున్నారు."

"అంతేనా? అంత ఉపన్యాసం ఇచ్చాడు కదే!"

"వాళ్ళకి మర్యాదలెక్కువ నాన్నా. ముందు క్షేమం అడిగి, వాతావరణం అడిగి, అప్పుడు అసలు మాటకొస్తారు."

"మధ్యలో నా భుజం తట్టాడెందుకు?"

"అదీ మర్యాదే."

"కాఫీ చెప్తానుండు. కడుపులో కాఫీ పడితే ప్రశ్నలు తగ్గుతాయి... హలో, నా గదికి మూడు కాఫీలు, బిస్కెట్లు. మంచి బిస్కెట్లు. నాకు పెట్టేవి కాదు. ఆఁ, ఇప్పుడు చెప్పు. ఎవరు నొక్కారన్నది అతనికెందుకు?"

"రోలర్లకి అడ్డంగా పెట్టిన జాలి తలుపు తీసి ఉండగా మెషిన్ తిరగకూడదట. తిరిగిందంటే ఎవరో తిప్పారట. నిజం చెప్తే ఎవరు తిప్పినా పరవాలేదట. అబద్ధమైతే మాత్రం గ్యారంటీ మర్చిపొమ్మంటున్నారు."

"మేస్త్రీ నొక్కాడని చెప్పు."

"ఎవరు?"

"మేస్త్రీ. ఎంతమంది మేస్త్రీలున్నారిక్కడ?"

"మేస్త్రీ మామయ్యేనా?"

"ఇంట్లో మామయ్య. ఇక్కడ మేస్త్రీ. చెప్పు."

"చెప్తాను. కానీ ఒక చిక్కుంది నాన్నా. నువ్వు ‘నొక్కడం’ అన్నావు. వాళ్ళ భాషలో కూడా అలాంటి మాటుంది. నొక్కడం, వెళ్ళడం, రావడం. ఒట్టి పని. చేసినవాడి గుర్తు దాని మీద ఉండదు."

"అదే నాక్కావాల్సింది."

"కానీ వినేవాడు ఊరుకోడు. చేసినవాడెవరా అని పక్కన వెతుక్కుంటాడు. ‘ఇంటికి వెళ్ళాలని ఉంది’ అన్నావనుకో, వెళ్ళేదెవరు? ఉందన్నవాడే. వేరేవాడైతే వాణ్ణి తెచ్చి పని వెనకాల నిలబెట్టాలి. ‘అంతెస్ దె యెగార్ ఎల్ హెఫె’. యజమాని రాకముందు. ‘యెగార్’ అంటే రావడం. ‘హెఫె’ యజమాని. చూడు, యజమాని వెనకొస్తాడు."

"యజమాని వెనక రావడమేంటి? ఏం భాషే అది?"

"మనకి చేసినవాడు ముందొస్తాడు, వాళ్ళకి ఇలాంటిచోట పని అయ్యాక వస్తాడు."

"దీని మీదేనా నువ్వు నాలుగేళ్ళు పరిశోధన చేసింది?"

"దీని మీదే."

"క్రియ పక్కన కర్త ఎక్కడ కూర్చుంటాడు అని?"

"ఊఁ."

"కుర్చీలో కూర్చుంటాడు. దానికి నాలుగేళ్ళెందుకే? నన్నడిగితే ఆ రోజే చెప్పేవాణ్ణి. మీ అమ్మతో అప్పుడే అన్నాను, ఈ చదువుకి అన్నం పుట్టదు, పోనీ చారన్నా పుట్టదు అని."

"ఇవాళ పుట్టింది కదా నాన్నా. పొద్దున్నే ఫోన్లో ఏమన్నావ్? ‘అర్జెంటుగా రావే, నీ దిక్కుమాలిన భాషతో పని పడింది’ అన్నావ్. నా జీవితంలో ఇంత గౌరవం ఎప్పుడూ దొరకలేదు."

"సరే సరే. కాఫీ వచ్చింది, అతనికివ్వు. ఇచ్చి చెప్పు, మేస్త్రీ నొక్కాడని."

"ఇదిగో, చెప్తున్నాను... చెప్పాను."

"నవ్వుతున్నాడేంటి?"

"నమ్మక నవ్వుతున్నారు."

"ఎందుకు నమ్మడు?"

"పొద్దున మెషిన్ అంతా తిరిగి చూశారు కదా. కాగితం ఇరుక్కునేది ఈ చివర. పచ్చ బటన్ ఆ చివర. మధ్యలో మనిషి అడ్డంగా పడుకుంటే కూడా అందదు. చెయ్యి రోలర్లలో పెట్టి కాగితం లాగుతున్న మనిషి, అదే నిమిషంలో అక్కడికెళ్ళి బటన్ ఎలా నొక్కాడు? మీ మేస్త్రీ చేతులు అంత పొడుగా అని అడుగుతున్నారు."

"ఇదంతా ఇప్పుడే అన్నాడా? కాఫీ తాగుతూ రెండు ముక్కలే కదా అన్నాడు!"

"మర్యాదలు అయిపోయాయి నాన్నా. ఇప్పుడు సూటిగా మాట్లాడుతున్నారు."

"కోపంగా ఉన్నాడా?"

"మండిపడుతున్నారు."

"బిస్కెట్ కాఫీలో ముంచుకుంటున్నాడే!"

"వాళ్ళు కోపమొస్తే ముంచుకుంటారు."

"కాలితో నొక్కి ఉంటాడని చెప్పు."

"మేస్త్రీ మామయ్య కాలితోనా?"

"లేకపోతే పానా విసిరుంటాడు. అది తగిలుంటుంది. మనిషి కంగారులో ఏమైనా చేస్తాడు."

"చెయ్యి నలుగుతుంటే పానా విసిరి బటన్ కొట్టాడు. అదీ పచ్చ బటన్. ఎర్ర బటన్ కాదు. ఇంకా నలగాలని."

"వెటకారమా?"

"అనువాదం నాన్నా. ముందు నాకర్థమైతే కదా ఆయనకి చెప్పేది."

"అసలు ఆ జాలి తలుపు తీసిందెవరు? మేస్త్రీ. అది చెప్పు."

"తలుపు తీస్తే మెషిన్ దానంతటదే ఆగిపోవాలి. అందుకే పెట్టారు దాన్ని. అక్కడి మీట తీగతో కట్టేసి ఉంది. అది మామయ్య కట్టాడా?"

"కట్టడం జరిగింది."

"ఎవరు?"

"మాటిమాటికీ ఆగిపోతుంటే ఏం చేస్తాం? ఆర్డర్లున్నాయి. గేట్లో లారీలు నిలబడి ఉంటాయి. తలుపు తెరిచినప్పుడల్లా పది సంచులు పాడు. అందుకని కట్టెయ్యడం జరిగింది."

"ఎవరు కట్టెయ్యడం?"

"ఏంటే నువ్వు? అతను అడుగుతున్నాడా, నువ్వు అడుగుతున్నావా?"

"ఆయనే. నేను గొట్టాన్నని చెప్పాను కదా."

"అతను కిటికీలోంచి చూస్తున్నాడు!"

"ఆలోచిస్తున్నారు. పెద్ద ఇంజినీరు నాన్నా, ఊరికే చూడరు."

"ఈ గోల మేస్త్రీతోనే అయిపోయేది. అతనే ఒప్పుకున్నాడు. పొరపాటైపోయిందన్నాడు. మధ్యలో మీకందరికీ ఏంటి నొప్పి?"

"నేను ఆస్పత్రికి వెళ్ళాను."

"ఎప్పుడు? నిన్నెవరు వెళ్ళమన్నారు?"

"వెళ్ళడం జరిగింది."

"నా మాట నాకే అప్పజెప్తావా?"

"మామయ్యని అడిగాను, ఏమైంది అని. ‘మెషిన్ తిరగడం జరిగిందమ్మా’ అన్నాడు. నీ మాటే, నీ యాసలోనే. ఆయన జన్మలో అలా మాట్లాడలేదు నాన్నా. నా సైకిలు చైను ఊడిపోతే ‘నువ్వే ఊడగొట్టావ్, నేను బిగించాను’ అనేవాడు మొహం మీదే. అలాంటివాడు జరిగిందమ్మా, జరిగిందమ్మా అని గోడకేసి చూస్తున్నాడు."

"చెయ్యెలా ఉంది?"

"నువ్వు వెళ్ళలేదా?"

"పనుల్లో... వెళ్ళడం కుదరలేదు."

"కుడి చెయ్యి. నిన్న ఇంటికి పంపేశారు గానీ, రెండు వేళ్ళు ఇక ముడుచుకోవట. ఆస్పత్రిలో అత్తయ్య నాతో మాట్లాడలేదు. మంచినీళ్ళిచ్చి బయటికెళ్ళి కూర్చుంది. ‘నిర్లక్ష్యంగా పనిచేశాడని మీ నాన్న తీసేశాడట కదా’ అని పక్క మంచం ఆయన అడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది."

"తీసెయ్యలేదు. ఇంట్లో ఉండమనడం జరిగింది."

"రేపెవరైనా పనిస్తారా? మెషిన్ తిప్పి తన చెయ్యి తనే నలగ్గొట్టుకున్న మేస్త్రీకి?"

"ఇదిగో, నువ్వు దుబాసీవి. అతనేదో అంటున్నాడు, చూడు."

"కాఫీ బాగుందన్నారు. ఎవరు నొక్కారు అన్నారు."

"కాఫీకీ దానికీ సంబంధమేంటే?"

"వదిలిపెట్టే మనిషి కాదు నాన్నా. ఇంకోటి కూడా అన్నారు. మీ నాన్నగారి మాటల్లో ఒక వింత గమనించాను అన్నారు."

"భాష రాదు కదా అతనికి!"

"నేను చెప్తున్నాను కదా. పొద్దున గేటు దగ్గర నువ్వేమన్నావ్? ఈ ఫ్యాక్టరీ పెట్టింది నేను అన్నావ్. రేకుల షెడ్డు నుంచి ఇంతదాకా తెచ్చింది నేను. ఈ మెషిన్ తెప్పించింది నేను. బాంకు వాణ్ణి ఒప్పించింది నేను. ఆఖరికి వాకిట్లో ఆ కుండీలో మొక్క నాటింది కూడా నేనే అన్నావ్."

"అవును. నాటింది నేనే. తప్పా?"

"తప్పు కాదు. అన్నిటికీ చివర నువ్వున్నావు. వాళ్ళ భాషలాగే, పని ముందు, చేసినవాడు వెనక. నీకు రాదనుకున్నాను, నాకంటే బాగా వచ్చు. మరి బటన్ దగ్గరికొచ్చేసరికి ఏమైంది? పనుంది, మనిషి లేడు నాన్నా."

"కాఫీ చల్లారిపోయింది."

"నీది చల్లారింది. ఆయన తాగేశారు."

"లారీ వచ్చి నిలబడింది ఆ రోజు. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. నేనిక్కడ్నుంచి దిగొచ్చాను. అందరూ భోజనాలకి వెళ్ళారు. మెషిన్ ఆగి ఉంది. ఆగి ఉంటే నాకు ఒళ్ళు మండుతుందని నీకు తెలుసు కదా. ‘ఏం మేస్త్రీ, ఇంకా ఎంతసేపు’ అని కేకేశాను. ఏదో అన్నాడు. ‘అయిపోయింది’ అన్నట్టు వినపడింది."

"ఏమన్నాడు?"

"‘అయిపోవచ్చింది’ అనుంటాడు. నాకెక్కడ వినపడి చస్తుంది? ఎవరేమన్నా నాకు వినపడదని మీ అమ్మ అంటూనే ఉంటుంది."

"తర్వాత?"

"తర్వాతేముంది. తిరగడం... తిరిగింది."

"చూడలేదా, చెయ్యి లోపలుందని?"

"చూడలేదే! చూస్తే చేస్తానా? మనిషి కేక వినపడింది. అప్పుడు చూశాను. ఎర్ర బటన్ ఎక్కడుందో కూడా గుర్తుకి రాలేదు. నా ఫ్యాక్టరీలో, నేను తెప్పించిన మెషిన్ మీద. అతని చేతిలో పానా రోలర్లలో పడి ఇరుక్కోబట్టి అది ఆగింది గానీ, లేకపోతే... భయమేసిందే. చాలా భయమేసింది."

"మరి అందరూ వచ్చేసరికి?"

"అందరూ వచ్చేసరికి అతనే అన్నాడు, నా పొరపాటే అని. రక్తం కారుతుంటే నా మొహం చూసి అన్నాడు. నేను... ఊరుకోవడం జరిగింది."

"ఎవరు ఊరుకోవడం?"

"అన్నాను కదే!"

"ఊఁ. ఇప్పుడు ఇది ఆయనకి చెప్పనా?"

"నన్ను జైల్లో పెడతాడా?"

"ఇంజినీరు నాన్నా, పోలీసు కాదు. చెప్పినవాడికి గ్యారంటీ ఉంటుంది, అంతే. చెప్పకపోతే రోలర్ లేదు, సంచుల్లేవు, లారీల్లేవు. ఇక హారన్లు కూడా వినపడవు, హాయిగా ఉంటుంది."

"నువ్వు చెప్పు. నీ భాషలో చెప్పెయ్. నేనటు తిరిగి కూర్చుంటాను."

"నేను చెప్తే చెల్లదట. చేసినవాడి నోటివెంట రావాలట."

"నాకు వాళ్ళ భాష రాదు!"

"ఒక్క మాటొస్తే చాలు. మిగతా అంతా నేనంటాను. చివరి మాట నీది. ‘నేను’ అనడానికి వాళ్ళు ‘యో’ అంటారు."

"యో?"

"యో."

"బండెద్దుని ఆపినట్టుంది."

"సరిపోయింది కదా. ఆపాల్సిందేగా."

"నవ్వు, నవ్వు. కన్నతండ్రి పరువు పోతుంటే నవ్వడానికే చదివించాను నిన్ను."

"చదివించింది ఎవరు?"

"నేను!"

"అదిగో, నోరు తిరుగుతోంది. సరిగ్గా అదే మాట, వాళ్ళ భాషలో."

"ఒకసారి అనేశాక వెనక్కి తీసుకోవడం ఉండదు కదా?"

"ఉండదు."

"మేస్త్రీని పిలవాల్సొస్తుంది."

"వస్తుంది."

"కింద అందరి ముందూ చెప్పాల్సొస్తుంది."

"అందరి ముందే కదా నిర్లక్ష్యం అన్నావ్."

"మీ అమ్మకి?"

"అమ్మకి ఎప్పుడో తెలుసు నాన్నా. నువ్వు అన్నం తినకుండా కంచం ముందు కూర్చుంటున్నావట. చెయ్యి కడుక్కుని లేచిపోతున్నావట. వేళ్ళే చూసుకుంటున్నావట. అమ్మకి ఏ భాషా అక్కర్లేదు. మొదలుపెట్టనా?"

"పెట్టు. ఉండు, ఉండు. నీళ్ళు తాగనీ... ఊఁ. పెట్టు."

"సెన్యోర్, మి పద్రె కియెరె అప్రెందెర్..."

"పద్రె అన్నావ్. అది నా గురించేనా?"

"నీ గురించే. గొప్పగా చెప్తున్నాను. ఇటు చూడు, ఆయన కూడా నీ వైపే చూస్తున్నారు. ఇప్పుడు నేను సగం అని ఆపేస్తాను. అల్ అప్రెతార్ ఎల్ బొతోన్..."

"అంటే?"

"బటన్ నొక్కడం. చేసినవాడి చోటు ఖాళీగా ఉంది. అల్ అప్రెతార్ ఎల్ బొతోన్..."

"అమ్మాయ్..."

"ఆగాను నాన్నా. ఎంతసేపైనా ఆగుతాను."

"...యో."

"గట్టిగా. వినపళ్ళేదు."

"యో! యో! నేనే! నొక్కింది నేను, తీగ కట్టించింది నేను, అతన్ని ఇంట్లో ఉండమన్నది నేను! చాలా?"

"చాలు."

"చప్పట్లు కొడుతున్నాడేంటే?"

"నీ ఉచ్చారణ బాగుందట."

"శిక్ష వేసేవాడు చప్పట్లు కొడతాడా? లేచి చెయ్యి కూడా ఇస్తున్నాడు. పిచ్చివాడా ఇతను?"

"నిజం చెప్పినవాళ్ళంటే వాళ్ళకి గౌరవం. చెయ్యివ్వు నాన్నా, తీసుకో."

"సరే, సరే... ఇక చాలని చెప్పు. ఆ ఫోనిటివ్వు."

"నేను కలపనా?"

"అక్కర్లేదు. ఆ నంబరు నాకు నోటికొచ్చు. ఈ ఫ్యాక్టరీలో ఫోన్ వచ్చిన రోజు మొదట చేసింది దానికే... హలో. ఆఁ, అమ్మా, నేనే. మేస్త్రీకివ్వు... పడుకున్నాడా? లేపొద్దు, లేపొద్దు. లేచాడా? సరే ఇవ్వు... మేస్త్రీ. ఎలా ఉంది చెయ్యి? ...అది కాదు, నువ్వు విను. ఈ ఒక్కసారి నన్ను మాట్లాడనీ. ...లేదు, నీ పొరపాటు కాదు. ఎవరికోసం అలా అన్నావో నాకు తెలుసు. బటన్ నొక్కింది నేను. ఆఁ. అందరికీ చెప్తాను, ఇవాళే కిందికెళ్ళి చెప్తాను. ...ఏడవకు. నువ్వేడిస్తే నాకిక్కడ... వచ్చినవాళ్ళున్నారు గదిలో. సాయంత్రం మీ ఇంటికొస్తాను. నేనే వస్తాను. చెయ్యి నయమయ్యేదాకా ఇంట్లో ఉండు, జీతం ఇంటికొస్తుంది. నయమయ్యాక నీ చోటు నీదే. బటన్ ముట్టుకోకు, పక్కన కూర్చుని నన్ను ముట్టుకోనివ్వకు. ఉంటా."

"నాన్నా..."

"కళ్ళు తుడుచుకోవే. అతనేమనుకుంటాడు?"

"నువ్వు కూడా."

"నాకేం, దుమ్ము. కాగితం ఫ్యాక్టరీ కదా. ఇంతకీ ఇప్పుడడుగు అతన్ని. నిజం చెప్పేశాం. ఆ రోలర్ ఇస్తాడా, ఇవ్వడా?"

"ఇస్తారు."

"నువ్వు అడగనే లేదు! నోరన్నా తెరవకుండా ఎలా చెప్తావ్?"

"కాఫీ రాకముందే చెప్పేశారు నాన్నా. చేతులు తిప్పుతూ ఉపన్యాసం ఇచ్చాడన్నావే, అది అదే. ఆ రోలర్ల తయారీలోనే లోపముందట. ఎలా వంగినా ఊరికే మార్చేస్తారట. కంగారు పడకండని నీ భుజం కూడా తట్టారు. నీకు స్పానిష్ నేర్చుకోవాలని ముచ్చటగా ఉందంటే చప్పట్లు కొట్టారు. బటన్ ఎవరు నొక్కారన్నది ఆయనకి అక్కర్లేదు."

"మరి ఇందాకట్నుంచీ ఎవరు, ఎవరు అని నా ప్రాణం తోడేస్తున్నది?"

"నేను."